నిత్యవ్యవహారములో ఇంగ్లీషు స్పెల్లింగు

నారాయణపేట చేనేతచీర ఖ్యాతివలన ఈ యూరి పేరు దేశమందలి వస్త్రదుకాణముల బోర్డులమీదను, అట్టపెట్టెలమీదను, నేడు సెల్‌ఫోను తెరలమీదను ఇంగ్లీషులిపిలో నిత్యము కనబడుచునే యున్నది. భౌగోళిక గుర్తింపు పట్టికకెక్కిన రూపములో ఆ పేరు ‘టి’ అను అక్షరముతో ముగియును. ఈ చీరను తరతరములుగా ఆదరించుచు వచ్చిన మహారాష్ట్రమున వర్తకులు పలువురు ఆ ‘టి’ సరసన ఒక ‘హెచ్’ చేర్చి వ్రాయుదురు. వారి నోట పేట ‘పేఠ్’ గనుక వారి వ్రాత వారి ఉచ్చారణకు సరిపోయినదే. కాని ఆ ఒక్క ‘హెచ్’ చేరినంతనే ఆ పేరు పూనా నగరమున కేసరివాడా వెలసియున్న నారాయణ్ పేఠ్‌కును చెల్లును. చీరకొరకు వెదకిన దూరప్రాంతపు కొనుగోలుదారు పాలమూరు నేలకు రావలసినది పోయి పూనా వీథులలో తేలినచో, అందుకు మగ్గమున కూర్చున్నవాని నైపుణ్యలోపము లేశమును కారణము కాదు.

స్పెల్లింగునుగూర్చిన చర్చ మన యెడ చిరకాలముగా రెండు పక్షములుగా చీలియున్నది. మొదటి పక్షమువారు స్పెల్లింగును విద్యకు ఆనవాలుగా నెంచి, ఒక అక్షరము తప్పినవాని చదువునే శంకింతురు. రెండవ పక్షమువారు, చెప్పినది ఎదుటివానికి తెలిసినచాలును, తక్కినదంతయు దొరల భాషపట్ల మనకు మిగిలిన భీతియే యని త్రోసివేయుదురు. ఈ రెండు వాదములును వ్రాసినవానినే చూచుచున్నవి. చదువబోవువానిని గాని, ఆ చదివినదానిపై ఆధారపడి ఎవనికి ఏమి దక్కునో ఏమి దక్కకపోవునో దానిని గాని చూచుట లేదు. సమస్య యంతయు అచ్చటనే యున్నదని నా నిశ్చయము. ఒక మిత్రునికి వ్రాసిన ఉత్తరములో అక్షరము తప్పిన నష్టమేమియు లేదు. పట్టాదారు పాసుబుక్కులోనో, మందుల చీటిలోనో అదే తప్పు జరిగినపుడు దాని ఫలితము వ్రాసినవానిని తాకక, ఏమియు నెరుగని మూడవ మనిషి నెత్తిన పడును.

అసలు ఇంగ్లీషు వర్ణక్రమము ఇంత దుర్గమమగుటకు కారణము చారిత్రకము. 1476లో విలియం కాక్స్టన్ వెస్ట్‌మిన్‌స్టరులో అచ్చుయంత్రమును నెలకొల్పిన నాటికి ఆ భాషలోని దీర్ఘాచ్చుల ఉచ్చారణ పెనుమార్పులకు లోనగుచుండెను; అచ్చుకూటములు పదరూపములను క్రమక్రమముగా స్థిరపరచుచు పోయినవి, నాలుక మాత్రము తన దారిన తాను సాగిపోయినది. ఆపై లాటిను మోజుగల పండితులు కొందరు, అప్పు అను నర్థముగల ‘డెట్’ శబ్దములో ఎవ్వరును పలుకని ‘బి’ని లాటిను మూలమును స్మరింపజేయుటకై చొప్పించిరి, ద్వీపవాచకమైన ‘ఐలండ్’లో ‘ఎస్’ చేరుటయైతే లాటినుతో దానికి లేని చుట్టరికమును ఊహించుటవలన జరిగినది. 1755లో సామ్యూల్ జాన్సన్ సుమారు 40,000 పదములతో వెలువరించిన నిఘంటువు ఆనాటికి రూఢియైన రూపములకు ప్రామాణికతను సమకూర్చెను. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ కొంత సంస్కరించి, తన 1828 నాటి మహానిఘంటువుతో ‘కలర్’ నుండి ‘యు’ను తొలగించిన రూపమును స్థిరపరచగలిగెను గాని, ఆయన సూచించిన మరి యెన్నియో రూపములు ఆ దేశమువారికే రుచింపలేదు. 1906లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్, కార్నెగీ ధనసాహాయ్యముతో నడచిన సంస్కరణ సంఘమువారి 300 పదముల సరళరూపములను ప్రభుత్వ ముద్రణాలయములో వాడవలెనని ఉత్తరువు చేయగా, కాంగ్రెసు దానిని ఆ సంవత్సరాంతములోగానే తిప్పికొట్టెను. 1949లో బ్రిటిషు కామన్సు సభలో వచ్చిన సంస్కరణ బిల్లు 84కు 87 వోట్లతో వీగిపోయినది. బెర్నార్డ్ షా క్రొత్త లిపికొరకై తన వీలునామాలో ధనమును కేటాయించి 1950లో మరణించెను. ఆ లిపిలో 1962లో ఆయన నాటక మొకటి అచ్చయినది, అంతటితో ఆ యత్నమును ఆగినది.

మన తెలుగు ఇట్టి చిక్కు నెరుగదు. అరసున్నయు బండిరయు నాలుకనుండి జారిపోగా, కొంత కాలమునకు అచ్చునుండియు జారిపోయినవి. పండితులు వగచిరి, పత్రికలు సాగిపోయినవి. ఇంగ్లీషున కట్టి సౌలభ్యము లేకపోవుటకు హేతువు, ఆ భాష లండనులో ఒక విధముగను, టెక్సాసులో వేరొక విధముగను, హైదరాబాదులో మరియొక విధముగను పలుకబడుచుండుటయే. ఎవరి నాలుక ననుసరించి వ్రాసినను తక్కినవారికి అది తప్పే యగును. ఉచ్చారణ వందరకములైన జనసమూహమునకు వ్రాత యొక్కటే ఉమ్మడి సొత్తుగా మిగిలినది. అది తర్కమునకు నిలువకపోవచ్చును గాని, అందరును అంగీకరించిన యొడంబడిక గనుక దానికొక విలువ కలదు. సంస్కర్తల యుద్దేశముపై నాకు గౌరవమే యున్నను, ఈ కారణముచేతనే వారి పరాజయమును నేను విచారింపను.

నిఘంటువులోని పదములకు అట్టి యొడంబడికయైనను కలదు. మన పేర్లకు అదియును లేదు. నిత్యవ్యవహారములో ఈ ప్రాంతపు సామాన్యునికి ఇంగ్లీషు స్పెల్లింగుతో గల సంబంధము నూటికి తొంబదిపాళ్ళు తన పేరు, తండ్రిపేరు, ఊరిపేరు అను మూటితోనే గదా. ఆసియా భాషల పదములను రోమను లిపిలో వ్రాయు పద్ధతినిగూర్చి సర్ విలియం జోన్స్ 1788లోనే ప్రసిద్ధమైన వ్యాసమును ప్రకటించెను. 1872లో భారత ప్రభుత్వము హంటరు పద్ధతిని స్వీకరించెను. ఆ పద్ధతిలో దీర్ఘములకు నెత్తిన గీత యుండెడిది. దినవ్యవహారములో ఆ గీతను ఎవ్వరును పాటింపరైరి. నారాయణపేట అను పేరునే ఇంగ్లీషులో పరికింపుడు: మొదటి రెండు ‘ఏ’ లకును దీర్ఘము, మూడవదానికి హ్రస్వము, ‘ఎన్’ రెండుసార్లు వచ్చును గాని ఒకటి నకారము, వేరొకటి ణకారము, చివరి ‘టి’ టకారమో తకారమో అక్షరము చెప్పజాలదు, ణకారముమీది అకారమును, తుది అకారమును పూర్తిగా లోపించినవి. తెలిసినవాడు సరిగా చదువును, తెలియనివాడు తోచినట్లు చదువును.

ఈ తకార టకారముల బాధ దక్షిణాదివారిని ఒక ప్రత్యేకమైన అలవాటునకు త్రిప్పినది. టకారమునకు ‘టి’యు, తకారమునకు ‘టి’ ప్రక్క ‘హెచ్’ను అని మనవారు విభజించుకొనిరి, ఉత్తరాదివారు రెండింటికిని ‘టి’నే వాడుదురు. అందుచేతనే మన మక్తల్ ఒక కాగితములో ‘హెచ్’తోను, వేరొక కాగితములో ‘హెచ్’ లేకయు కనబడును. ఊట్కూరు, మాగనూరుల చివర ఒకచో రెండు ‘ఓ’లు, ఒకచో ఒక్క ‘యు’. పూర్వపు జిల్లా కేంద్రమైన మహబూబ్‌నగరమైతే రైలుస్టేషను బోర్డుమీద ‘హెచ్’ తరువాత నేరుగా ‘బి’తో నుండగా, జిల్లా ప్రభుత్వపు రూపములో ఆ రెంటి నడుమ ‘ఏ’ యొకటి వచ్చి కూర్చున్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పేర 1890లో ఏర్పడిన ఆ నామమునకు ఇప్పటికిని ఒక రూపము నిలువలేదు.

ఇచ్చట నిజాము రాష్ట్రపు చరిత్రను స్మరింపక తప్పదు. సర్కారు జిల్లాలలో ఊరిపేర్లు తెలుగునుండి నేరుగా ఇంగ్లీషునకు పోయినవి. ఏలూరు, కాకినాడలకు తెల్లవారు పెట్టిన వికృతరూపములు ఎంత వింతగా నున్నను, అచ్చులో చిరకాలము ఒకే తీరున నిలిచినవి. మన ప్రాంతములో 1884 మొదలుకొని కచేరీభాష ఉర్దూ. పట్వారీ నోట తెలుగున పలికిన పేరు ఉర్దూలిపిలో పహాణీకెక్కెను. ఆ లిపిలో హ్రస్వాచ్చులకు గుర్తులు సాధారణముగా వ్రాయరు. చదువువాడు తన తెలివిచేత వానిని పూరించుకొనవలెను. తరువాతి కాలమున ఆ పేరు తెలుగులోనికి మరల వచ్చి, ఆపై కంప్యూటరు నాటికి ఇంగ్లీషులోనికి మారినది. మూడు లిపులు దాటిన పేరు మొదటి రూపముతో మిగులుట దుర్లభము. దీనికి తోడు నారాయణపేట తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ భాషలు ఒకే బజారులో వినవచ్చు సరిహద్దు పట్టణము. పేరు చెప్పువాని భాష యొకటియు, వ్రాయువాని భాష యొకటియు నగుట ఇచ్చట నిత్యకృత్యము.

నర్సింలు అను పేరు మన పల్లెలలో వాడవాడకు గలదు. బడి రిజిస్టరులో పంతులుగారు శాస్త్రీయముగా నరసింహులు అని తలచి ఇంగ్లీషులో దీర్ఘమైన రూపము వ్రాయుదురు. ఆధార్ తీసుకొన్ననాడు యంత్రము ముందరి యువకుడు విన్నది విన్నట్లు నర్సింలు అని కొట్టును. బ్యాంకువాడు నడుమ ‘హెచ్’ నుంచి ‘ఏ’ను తీసివేయును. పాసుబుక్కులో ‘ఎస్’ తరువాత ‘ఐ’కి బదులు ‘యు’ పడును. భార్య లక్ష్మమ్మ పేరు ఒకచో ‘ఎక్స్’తో, ఒకచో ‘కె-ఎస్-హెచ్’తో, తెలంగాణమున ఈ ‘ఎక్స్’ రూపమే ఎక్కువ వాడుక, కోస్తా నుండి వచ్చిన గుమాస్తాకు మాత్రము రెండవది సహజముగా తోచును. ఈ దంపతులు తమ పేర్లను ఏనాడును మార్చుకొనలేదు. వారు చదువని లిపిలో ఇతరులు వారి పేర్లను మార్చిరి. ఆ నర్సింలు మరణించిననాడు రైతుబీమా సొమ్ము 5 లక్షల రూపాయలకొరకు లక్ష్మమ్మ కాగితములు పట్టుకొని వెళ్ళినపుడు, మరణధ్రువపత్రములోని పేరును, పాసుబుక్కులోని పేరును, ఆధార్‌లోని పేరును ఒక బల్లపై పరచి చూచిన ఉద్యోగి, ఇవి మువ్వురి పేర్లవలె నున్నవే యని సందేహించినచో అతనిని తప్పు పట్టజాలము. ఆపై స్టాంపుకాగితము, నోటరీ, ఈ పేర్లన్నియు ఒక్కని పేర్లే యని అఫిడవిట్టు, గ్రామపెద్దల సంతకములు. ఈ కాగితములకై తిరుగు దినములలో ఆమెకు కూలి దొరకదు.

వలసకూలీల గతి ఇంకను కష్టతరము. కోస్గి, మద్దూరు, మక్తల్ ప్రాంతములనుండి బొంబాయి, పూనా నగరములకు కట్టడపు పనులకై పోయినవారి భవిష్యనిధి ఖాతాలలో, అచ్చటి మేస్త్రీయో గుమాస్తాయో మరాఠీ ధోరణిలో పేరు వ్రాసియుండును. పని మాని ఇల్లు చేరిన తరువాత సొమ్ము తీయబోగా ఆధార్‌తో పేరు పొసగదు. యజమాని కూడ సంతకము చేసిన జాయింట్ డిక్లరేషన్ కావలెనందురు. ఆ యజమాని యెచ్చట, ఈ కూలీ యెచ్చట! తన కష్టార్జితము తనకు రాకుండ అడ్డునిలిచినది ఒక ‘ఏ’ యో ఒక ‘హెచ్’ యో యని తెలిసినపుడు, స్పెల్లింగు పండితుల వేడుకయని పలుకుటకు ఎవనికిని నోరాడదు.

ధనికదేశములలోను ఇట్టి యనర్థములు లేకపోలేదు. 2009లో బ్రిటనులోని కంపెనీల రిజిస్టరు కార్యాలయము ‘టేలర్ అండ్ సన్’ అను సంస్థ మూతబడుచున్నదని నమోదు చేయబోయి, పొరపాటున చివర ఒక ‘ఎస్’ గల ‘టేలర్ అండ్ సన్స్’ పేర వ్రాసినది. కార్డిఫ్ నగరపు ఆ పాత ఇంజనీరింగు సంస్థ నిక్షేపముగా నడచుచుండెను. వార్త పొక్కగానే అప్పిచ్చువారు వెనుదీసిరి, సరకిచ్చువారు మానిరి, సంస్థ కూలిపోయినది. ఆ కార్యాలయమే బాధ్యత వహింపవలెనని 2015లో అచ్చటి హైకోర్టు తీర్పు చెప్పెను.

ఈ విషయమున నల్లగొండ పేరు రెండు పర్యాయములు లోకము దృష్టికి వచ్చినది. రెండును స్పెల్లింగు కథలే యైనను వానిని ఎవ్వరును ఒకచోట చేర్చి చూచినట్లు కనబడదు. అమెరికాలో 1925నుండి జరుగుచున్న జాతీయ స్పెల్లింగు పోటీలో, 2024లో నల్లగొండ మూలములుగల కుటుంబమునకు చెందిన పండ్రెండేండ్ల బృహత్ సోమ విజేతయయ్యెను. తుదిఘట్టమున 90 సెకండ్లలో 29 పదములను తప్పులేక చెప్పి, 20 పదములు చెప్పిన ఫైజాన్ జకీని మించెను. హైదరాబాదు మూలములుగల ఆ ఫైజానే మరుసటి యేడు విజేత. అంతకు పూర్వము 2016లో నిహార్ జంగా, 2018లో కార్తీక్ నెమ్మాని మొదలగు తెలుగుపిల్లలు ఈ గౌరవమును పొందియుండిరి. ఈ వరుసవిజయముల వెనుక, చిట్టూరి రత్నంగారు 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషను నడపు పోటీల శిక్షణ పెద్దబలము; ఆ పోటీలవలన వచ్చిన ధనము భారతదేశములోని బీదవిద్యార్థుల ఉపకారవేతనములకు వినియోగమగుట ఇంకను ముదావహము. ఆ బాలురు పదములను గుడ్డిగా వల్లించువారని కొందరు చులకన చేయుట నాకు సమ్మతము కాదు. గ్రీకు, లాటిను, ఫ్రెంచి ధాతువుల గుట్టు తెలిసికొనక అంతటి పాటవము కలుగదు.

రెండవ కథ ఇంతటి వెలుగును చూడలేదు. నల్లగొండలో మందుల దుకాణము నడపు ఒకాయన, వైద్యుల చీటీలలోని మందులపేర్లు చదువశక్యము కాకుండుటచే రోగుల ప్రాణములకు ముప్పు కలుగుచున్నదని, 2014లో ఉమ్మడి హైదరాబాదు హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యము వేసెను. చీటీని విడివిడి పెద్ద అక్షరములలో వ్రాయవలెనని ఆయన కోరిక. 2016లో భారత వైద్యమండలి తన నియమావళిని సవరించి, మందుల జనరిక్ పేర్లను స్పష్టముగను, వీలైనంతవరకు పెద్ద అక్షరములలోను వ్రాయవలెనని విధించెను. 2025లో పంజాబు హర్యానా హైకోర్టు, చదువదగిన చీటీని పొందుట రోగికి రాజ్యాంగదత్తమైన హక్కేయని తేల్చెను.

మందుల పేర్లలో అక్షరమెంత ప్రమాదకరమో యెరుగుటకు ఒక యుదాహరణము చాలును. దురదకు వాడు హైడ్రాక్సిజీన్, రక్తపోటునకు వాడు హైడ్రాలజీన్, ఇంగ్లీషులో రెండును మొదటి నాలుగు అక్షరములలోను, చివరి నాలుగింటిలోను ఒక్కటే. నడుమ నున్న కొన్ని అక్షరములే రోగములను వేరుచేయుచున్నవి. అమెరికాలో లోసెక్ అను కడుపుమంట మందును మూత్రము జారీచేయు లాసిక్స్‌గా భ్రమపడుచున్నారని, 1990లో దాని పేరునే ప్రిలోసెక్ అని మార్చివేసిరి. రాత్రివేళ చిల్లరదుకాణమువంటి మందులషాపులో, పదవతరగతితో చదువు మానిన పనివాడు మసక వెలుతురున ఆ చీటీని చదువుచున్నాడని తలచుకొన్నచో, ఆ నల్లగొండవాసి కోరినది ఎంత స్వల్పమో, ఎంత ఆవశ్యకమో తెలియగలదు. బృహత్ సోమ ప్రతిభకు నేను సంతోషింతును. నిత్యజీవితమున స్పెల్లింగునకు గల ప్రాధాన్యమునకు సాక్ష్యముగా మాత్రము నేనా మందుల దుకాణమునే ముందు చూపుదును.

ఇక బడులసంగతి. 2022 మొదలుకొని ప్రభుత్వ పాఠశాలలలోను ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించినందున, ఇంట తెలుగో కన్నడమో లంబాడీయో తప్ప వేరెరుగని పిల్లలు లక్షలుగా ఈ వర్ణక్రమమును ఎదుర్కొనుచున్నారు. వ్రాసినట్లే పలుకు భాషలో పెరిగిన బిడ్డ, ‘బి-యు-టి’ బట్ అయినపుడు ‘పి-యు-టి’ పుట్ ఎట్లగునని అడుగుట మూఢత్వము కాదు; అది తెలుగు నేర్పిన తర్కము. ‘సెపరేట్’ నడుమ ‘ఏ’కు బదులు ‘ఇ’ వ్రాసిన పిల్లవానిచేత నూరుసార్లు వ్రాయించుటకంటె, ఆ పదములో ‘ఏ’ యెందుకున్నదో రెండు నిమిషములు చెప్పిన ఎక్కువ ఫలము. పరీక్షలో మార్కు తగ్గింపవచ్చును, పదిమందిలో నవ్వింపరాదు. తన పేరును, తల్లిదండ్రుల పేర్లను, ఊరు, మండలము, జిల్లా పేర్లను కాగితములలో నున్నట్లే తప్పులేక వ్రాయుటను ఐదవతరగతి దాటులోపల ప్రతి బిడ్డకును నేర్పవలెను. కఠినపదముల పట్టికలు అటుపిమ్మట రావచ్చును.

యంత్రమే దిద్దునుగదా యని ఇప్పుడొక భరోసా వ్యాపించినది. కంప్యూటరు నిఘంటువులోని పదములను దిద్దగలదు. ‘ఫారమ్’ అను పదము ‘ఫ్రమ్’గా మారినపుడు రెండును సరియైన పదములే గనుక అది తరచు ఊరకుండును. ఊట్కూరునకు, దామరగిద్దకు, నర్సింలునకు దానికి ప్రమాణమే లేదు. తనకు తెలిసిన మరియొక పదమును తెచ్చి వాని స్థానమున నిలుపుటకును అది వెనుదీయదు.

కావలసినది మొదటి వ్రాతయందు జాగ్రత్త. 1969 నాటి జననమరణముల నమోదు చట్టమునకు 2023లో జరిగిన సవరణవలన, ఆ యేటి అక్టోబరు 1 మొదలుకొని పుట్టినవారికి జననధ్రువపత్రమే పెక్కు వ్యవహారములకు మూలాధారమైనది. కావున ఇకమీద పేరు స్థిరపడు చోటు పంచాయతీ, పురపాలక కార్యాలయములే. అచ్చట ఇంగ్లీషురూపముతోపాటు తెలుగురూపమును ఒకే తెరమీద చూపి, ఒక్కొక్క అక్షరమును తల్లిదండ్రులకు పైకి చదివి వినిపించి, ముసాయిదా ప్రతిని చేతికిచ్చిన పిమ్మటనే సంతకము తీసికొనవలెను. మీసేవలోను ఇదే విధి. భూభారతి చట్టమును 2025లో ప్రయోగాత్మకముగా అమలుపరచిన నాలుగు మండలములలో మన మద్దూరు ఒకటి. భూమి కొలతలతోపాటు పట్టాదారుల పేర్ల ఇంగ్లీషురూపములను ఆధార్‌తో సరిచూచి రుసుము లేక దిద్దు పనియు ఆ చట్టపు అమలుకై జరుపు రెవెన్యూ సదస్సులలోనే ముగియవచ్చును. మక్తల్, ఊట్కూరు, మాగనూరులవంటి పేర్లకు ఏ రూపము చెల్లునో ప్రభుత్వము గెజెట్టులో ఒక్కమారు ప్రకటించి, రైల్వే, తపాలా, ఎన్నికల, రెవెన్యూ శాఖలన్నియు దానినే పాటించునట్లు చేయుటకు వ్యయమును స్వల్పమే. ‘హెచ్’ ఉండవలెనా వలదా యను వాదములో ఏ పక్షము గెలిచినను నాకు సమ్మతమే; గెలిచిన రూపము అన్ని కాగితములలోను ఒక్కటిగా నుండవలెను, అదివరకు పాతరూపముతో వచ్చిన లక్ష్మమ్మను అఫిడవిట్టుకై త్రిప్పిపంపరాదు.